నీతి: సత్యమా, అభిప్రాయమా?

"పుఱ్ఱెకో బుద్ధి, జిహ్వకో రుచి" అను సామెతను తెలుగునాట ఎఱుగనివారుండరు. కాకరకాయ కూర ఒకరికి అమృతము. వేఱొకరికి దాని వాసనయే గిట్టదు. ఈ యిద్దఱిలో ఎవరి మాట నిజమని విచారణ చేయువాడు లేడు. చేసినచో నలుగురును నవ్వుదురు. రుచుల విషయమున ఎవరి తీర్పు వారిది. అంతటితో తగవు తెగిపోవును.

కాని సామెతలో జిహ్వతోపాటు పుఱ్ఱెకును చోటున్నది. బుద్ధులు వేఱు గనుక నీతియు ఎవరికి వారిదే యను మాట విద్యావంతుల గోష్ఠులలో తఱచుగా వినబడుచున్నది. అది మీ అభిప్రాయము, ఇది మా అభిప్రాయము, అంతకుమించి తప్పొప్పులని వేఱుగా ఏమున్నవి అందురు. ఈ మాటలో కొంత ఔదార్యము లేకపోలేదు. పరుల ఆచారములను చూచి ముఖము చిట్లించుకొనకుండుట మంచిదే. ఐనను, కాకరకాయ చేదు అన్నప్పుడును, పసిబిడ్డను ఆకలితో మాడ్చుట తప్పు అన్నప్పుడును మనము చేయుచున్నది ఒకే పనియా? ఈ ప్రసంగమున మేము శ్రోతలతో కలిసి విచారింపదలచిన ప్రశ్న ఇది.

ఈ వాదము నేటిది కాదు. క్రీస్తుకు పూర్వము 5వ శతాబ్దమునకు చెందిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ తన గ్రంథమున ఒక వృత్తాంతము చెప్పెను. పారశీక చక్రవర్తి దారియస్ తన కొలువులోని గ్రీకులను పిలిపించి, ఎంత ధనమిచ్చినచో మరణించిన తండ్రుల దేహములను భక్షింతురని అడిగెనట. ఎంత ఇచ్చినను ఆ పని చేయమని వారనిరి. అటుపిమ్మట కల్లాటియులను పేరుగల భారతీయ జాతివారిని రప్పించెను. పితరుల దేహములను భక్షించుటయే వారి ఆచారమని హెరొడోటస్ వ్రాసినాడు. ఎంత ధనమిచ్చినచో మీ తండ్రులను దహనము చేయుదురని చక్రవర్తి వారినడిగెను. వారు కేకలు వేసి, అట్టి పాపపు మాట నోట రానీయవలదని వేడుకొనిరి. ఏ జాతికైనను తన ఆచారమే శ్రేష్ఠమని తోచుననియు, ఆచారమే అందఱిని ఏలుచున్నదనియు ఆ చరిత్రకారుడు తేల్చెను.

ఈ కథ చదివినవారు, నీతికి నిలకడ లేదనుటకు ఇంతకన్న నిదర్శనమేల యందురు. మేము దానినే మఱియొకసారి పరిశీలింపుమని మనవి చేయుచున్నాము. ఆ కొలువులో నిలిచిన రెండు జాతులవారికిని అసలు తగవు దేనిని గూర్చి? తండ్రిని గౌరవింపవలెనా, అక్కఱలేదా యని కాదు. ఆ విషయమున ఇరువురును ఏకగ్రీవముగా నున్నారు. అందుచేతనే చక్రవర్తి ధనమును ఇరువురును త్రోసిపుచ్చిరి. ఆ గౌరవమును ఏ రూపమున చూపవలెననుచోటనే భేదము. మన గ్రామములలోనే దహనము చేయువారును, ఖననము చేయువారును ఇరుగుపొరుగున నివసించుచున్నారు. ఒకరు తండ్రిని ప్రేమించిరనియు, వేఱొకరు ప్రేమింపలేదనియు ఎవరును అనుకొనరు. ఆచారము వేఱు, ఆచారము వెనుకనున్న ధర్మము వేఱు. మొదటిదానిలోని వైవిధ్యమును చూపి రెండవది లేదనుట తొందరపాటు.

భేదము నిజముగా ధర్మమును గూర్చియే యైనను, భేదమున్నది గనుక సత్యము లేదనుటకు వీలులేదు. భూమి తన చుట్టు తాను తిరుగుచున్నదని 499 ప్రాంతమున ఆర్యభటుడు చెప్పెను. 7వ శతాబ్దమున బ్రహ్మగుప్తుని వంటి మహాపండితుడు దానిని ఖండించెను. ఇద్దఱును ఉద్దండులే, ఇద్దఱికిని శిష్యులుండిరి. పండితులు కలహించిరి గనుక భూమి తిరుగుటయు తిరుగకపోవుటయు అభిప్రాయమాత్రమని మనము అనుకొనలేదు. ఒకరు పొరబడిరనుకొంటిమి.

ఎదుటి పక్షమువారికి ఇంతకన్న బలమైన వాదమొకటి కలదు. దానిని దాచుట న్యాయము కాదు. భూమి కంటికి కనబడునది, కొలుచుటకు వీలైనది. నీతి ఎక్కడ నున్నది? స్కాట్లండు దేశపు తత్త్వవేత్త డేవిడ్ హ్యూము 1739, 1740 సంవత్సరములలో ప్రకటించిన తన గ్రంథమున ఈ ప్రశ్ననే వేసెను. ఒక హత్యను అన్ని ప్రక్కలనుండి పరీక్షింపుడు. ఉద్దేశములు, ఆవేశములు, చేష్టలు కనబడును గాని, తప్పు అను వస్తువు ఎచటను కనబడదు. మీ హృదయములోనికి చూచుకొన్నప్పుడు మాత్రమే అసహ్యమొకటి గోచరించునని ఆయన వాదము. ఆంగ్ల తార్కికుడు ఏ. జె. ఏయరు 1936లో ఇంకొక అడుగు ముందుకు వేసి, దొంగతనము తప్పు అనుట ఒక విషయమును తెలుపుట కాదనియు, అయిష్టమును వెలిబుచ్చుట మాత్రమేననియు చెప్పెను. ఆస్ట్రేలియాలో జన్మించిన జె. ఎల్. మ్యాకీ 1977లో, లోకులు నీతిని సత్యమని నమ్మియే మాట్లాడుదురని ఒప్పుకొని, అట్టి సత్యము లేదు గనుక వారందఱును భ్రమలో నున్నారని వ్రాసెను.

ఈ పెద్దల ప్రశ్నకు సమాధానము తత్త్వగ్రంథములలోనే వెదకనక్కఱలేదు. మన యిండ్లలో ఇనుపపెట్టెయందు భద్రపఱచు ఒక కాగితమును చూచిన చాలును. ఒకడు ప్రామిసరీ నోటు వ్రాసి యిచ్చి వేయి రూపాయలు అప్పు తీసికొనెననుకొందము. ఆ అప్పు ఎక్కడ నున్నది? కాగితమునందా? దానిని చెదలు తినినను అప్పు పోదు. రూపాయలయందా? అవి ఎన్నడో చేతులు మాఱిపోయినవి. అప్పిచ్చినవాని మనస్సునందా? అతడు మఱచిపోయినను తీసికొన్నవాడు ఋణస్థుడే. భూతద్దముతో వెదకినను కానరాని ఈ అప్పును మనలో ఎవరును కేవలము అభిప్రాయమనరు. అది ఇద్దఱు మనుష్యుల నడుమ నున్న సంబంధము. కంటికి కనబడకపోయినను బుద్ధికి తెలియును.

ఇందులో ఇంకొక విశేషమున్నది. అడిగినప్పుడు చెల్లింతునని వ్రాసిన నోటుకు 3 సంవత్సరములు గడచి, మధ్య చెల్లు గాని వ్రాతమూలకమైన ఒప్పుకోలు గాని లేనిచో దానికి కాలదోషము పట్టినదందురు. దావా వేసినను నిలువదు. కాని బాకీదారుడు ఆ పాత అప్పును తీర్తునని మరల వ్రాసి సంతకము చేసినచో, క్రొత్తగా ఒక పైసయు పుచ్చుకొనకపోయినను ఆ వాగ్దానము చెల్లునని 1872 నాటి కాంట్రాక్టుల చట్టమే చెప్పుచున్నది. న్యాయస్థానపు తలుపు మూసికొనిన తరువాత కూడ అక్కడ ఏదో మిగిలియున్నదని చట్టము సైతము గుర్తించినదన్నమాట. దావాకు గడువున్నది; ఋణమునకు గడువు లేదు.

అప్పులు, నోట్లు మనుష్యులు కల్పించుకొన్న ఒప్పందములే గదా యని ఎవరైన అడుగవచ్చును. నోటు కల్పితమే, నాణెము కల్పితమే. కాని నమ్మించి తీసికొన్నవాడు ఎగవేయరాదను ధర్మమును ఏ ఒప్పందముచేత కల్పించుకొంటిమి? ఒప్పందములను నిలుపుకొందమని ముందుగా ఒక ఒప్పందము చేసికొంటిమన్నచో, దానిని నిలుపుకొనుటకు మఱియొకటి కావలెను, దానికి ఇంకొకటి. ఈ గొలుసునకు తుదియుండదు. ఎక్కడనో ఒకచోట, ఒప్పందమునకు పూర్వమే, మనిషికి మనిషి బాధ్యుడను సత్యముపై కాలు మోపకతప్పదు.

ఇంతవరకు తర్కము. ఈ తర్కము జీవితములో ఎచట పనికివచ్చునో చూతము. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. వితంతు వివాహమును చెల్లుబాటు చేసిన చట్టము 1856లోనే వచ్చియుండెను. ఈశ్వరచంద్ర విద్యాసాగరుని కృషిఫలమది. ఆ చట్టము కావలెనని సంతకము చేసినవారికన్న, వలదని సంతకము చేసినవారు ఎన్నో రెట్లు ఎక్కువ. చట్టము వచ్చిన 25 ఏండ్లకు గాని గోదావరీతీరమున అట్టి వివాహమొకటి జరుగలేదు. జరిగిన నాడు పోలీసుల కావలి కావలసివచ్చెను. పంతులుగారిని కులమునుండి వెలివేసిరి. వంటవారు రామనిరి, నీళ్లు మోయువారు మానుకొనిరి. ఆయన సతీమణి రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి బిందెలతో నీరు మోసికొనివచ్చిరి.

నీతి కేవలము అభిప్రాయమే యైనచో, నాటి రాజమహేంద్రవరమున జరిగినదేమి? పట్టణములోని పెద్దలకు ఒక రుచి. పంతులుగారికి వేఱొక రుచి. పట్టణపు రుచిని కాదన్నవాడు కాకరకాయ తినలేని యింటిలో కాకరకాయ వండుమని పట్టుబట్టినవానితో సమానుడు. నలుగురి అభిప్రాయమే నీతికి కొలత యన్నచో సంతకములు ఎక్కువ గలవారే ధర్మాత్ములు. విద్యాసాగరుడును, పంతులుగారును ఆనాటికి తప్పు చేసినవారే. కాలము మాఱి అభిప్రాయములు మాఱిన తరువాత మాత్రము వారిది ఒప్పైనదనవలెను. అప్పుడు సంస్కరణము అను మాటకే అర్థముండదు. మార్పు అను మాట ఒక్కటే మిగులును. పాతదానికన్న క్రొత్తది మేలనుటకు, పాతదానికిని క్రొత్తదానికిని వెలుపల ఒక కొలత యుండవలెను గదా!

పంతులుగారు గాని, వారి ప్రతిపక్షులు గాని ఆ వివాదమును రుచుల తగవుగా నడుపలేదు. ఒకరు శాస్త్రము చూపిరి. మఱియొకరు దానికి వేఱు అర్థము చెప్పిరి. ఒకరు ఆ బాలికల దుఃఖమును వర్ణించిరి. మఱియొకరు సంసారవ్యవస్థ చెడునని భయపడిరి. ఇరువురును కారణములు చెప్పిరి. ఎదుటివారి కారణములకు బదులు చెప్పవలసిన అగత్యమున్నదని ఇరువురును ఎఱుగుదురు. బాల్యమున పెండ్లియై, భర్త ముఖమైనను సరిగా ఎఱుగకమునుపే వితంతువైన పిల్లను జీవితాంతము ఒక మూల కూర్చుండబెట్టుటకు, ఆ పిల్ల యెదుట నిలిచి చెప్పదగిన కారణమేది? ఈ ప్రశ్నకు సంతకముల పెద్ద జాబితా సమాధానము కాజాలదు. ఆ జాబితాలో ఆ పిల్ల సంతకము లేదు.

ఇచట మేము ఒక హెచ్చరిక చేయవలసియున్నది. నీతి సత్యమనుట వేఱు, ఆ సత్యము మా చేతిలో నున్నదనుట వేఱు. వితంతువులకు శిరోముండనము చేయించినవారు కూడ అది తమ అభిప్రాయమని చెప్పలేదు; సనాతన ధర్మమనియే చెప్పిరి. లోకములో జరిగిన ఘోరములలో అనేకము సత్యము తమ సొత్తని నమ్మినవారు చేసినవే. అందుచేతనే కొందఱు సజ్జనులు భయపడి, సత్యమను మాటనే వదలివేసినచో కలహములు శమించునని భావింతురు. వారి భయము న్యాయమైనదే. వారు చెప్పు మందు మాత్రము రోగమునకు తగినది కాదు. పొరబాటు అను మాటకు అర్థముండవలెనన్నచో, ఒప్పు అనునది ఒకటి యుండితీరవలెను. అంతయు అభిప్రాయమే యైనచో ఎవరును పొరబడజాలరు. పొరబడజాలనివానికి వినయముతో పనియేమి? పైగా ఇతరులను సహింపవలెను అను సూత్రమే ఒక నీతి. అదియును అభిప్రాయమే యన్నచో, సహింపనివానిని సహింపుమని అడుగుటకు మనకు నోరుండదు.

సంస్కర్తల చూపు కూడ సంపూర్ణము కాదు. 1881 నాటి ఆ వధువు పసితనము వీడని బాలిక. బాలవితంతువు దుఃఖమును చూచిన కాలము, బాలవధువు దుఃఖమును చట్టముతో ఎదుర్కొనుటకు మఱి కొంతకాలము పట్టినది. 1929 నాటి శారదా చట్టము ఆడపిల్ల వివాహమునకు 14 ఏండ్లు నిండవలెనన్నది. 1978లో ఆ వయస్సు 18కి పెరిగినది. వితంతు వివాహమును అనుమతించిన 1856 నాటి చట్టమే, పునర్వివాహము చేసికొన్న స్త్రీకి మొదటి భర్త ఆస్తిపై నున్న హక్కును తొలగించినది. ఇవి యన్నియు ఏమి చెప్పుచున్నవి? నీతి లేదని కాదు. మనము చూచినదానికన్న చూడవలసినది ఎక్కువగా నున్నదని. అభిప్రాయము ఎప్పటికప్పుడు పూర్తియైయుండును. సత్యము మాత్రమే వెదకినకొలది ఇంకను మిగిలియుండును.

ఇదే వివాదము ఒకసారి ప్రపంచపు వేదికపై జరిగినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటనను సిద్ధము చేయుచుండగా, 1947లో అమెరికా మానవశాస్త్రవేత్తల సంఘమువారు ఒక హెచ్చరిక పంపిరి. జాతులు వేఱు, విలువలు వేఱు; అందఱికిని ఒకే ప్రకటన యనుట పశ్చిమ దేశముల విలువలను లోకమునకు అంటగట్టుట కాదా యని వారి సందేహము. వలసపాలనలో నలిగిన జాతుల పక్షమున వచ్చిన ప్రశ్న అది. తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని ఆ ప్రకటన రచనలో పాల్గొన్నవారు పశ్చిమ దేశములవారు మాత్రమే కారు. సర్వపురుషులు అని అర్థమిచ్చు ఆంగ్లపదమును మార్చి, సర్వమానవులు అను అర్థమిచ్చు పదము నుంచవలెనని పట్టుబట్టినది మన దేశ ప్రతినిధి శ్రీమతి హంసా మెహతా. 1948 డిసెంబరు 10న 48 దేశములు ఆ ప్రకటనను ఆమోదించినవి. వ్యతిరేకముగా ఒక్క దేశమును ఓటు వేయలేదు. 8 దేశములు తటస్థముగా నుండెను.

ఆ ఎనిమిదింటిలో దక్షిణాఫ్రికా ఒకటి. వర్ణవిభేద పాలనను విధానముగా చేసికొన్న ప్రభుత్వము అదే సంవత్సరమున అక్కడ అధికారమునకు వచ్చెను. 1860లో మొదలుకొని మద్రాసు రేవునుండి నేటాలు చెఱకుతోటలకు వెళ్లిన కూలీలలో తెలుగువారును ఉండిరి. వారి సంతతివారు ఆ పాలనను స్వయముగా అనుభవించిరి. ఏ దేశపు నీతి ఆ దేశమునకు చెల్లునన్నచో, 1994 వరకు సాగిన ఆ పాలనను వెలుపలివారు తప్పనుటకు అధికారము లేదు. లోపలివారికైనను, మాకిది ఇష్టము లేదనుట తప్ప వేఱు మాట లేదు. వారు మాకిది ఇష్టము లేదని మాత్రమే అనలేదు, ఇది అన్యాయమనిరి. ఆ రెండు వాక్యములకు నడుమనున్న దూరమే నేటి మా ప్రసంగవిషయము. 1947లో సందేహము తెలిపిన ఆ శాస్త్రవేత్తల సంఘమే 1999లో మానవహక్కులను సమర్థించుచు ఒక ప్రకటన చేసెను.

రేడియోలో మాట్లాడువారికి శ్రోతల ముఖములు కనబడవు. వినుచున్నవారు ఏ కులమువారో, ఏ మతమువారో, ఆస్తిపరులో, కూలివారో తెలియదు. మన యింటివారు ఒప్పుకొను మాట చాలదు. మనల నెఱుగనివారికిని అర్థమగు కారణము చెప్పవలెను. నీతివిచారమునకును ఇంతకన్న మంచి నియమము మాకు తోచుటలేదు. ఒక పని ధర్మమా కాదా యని సందేహము కలిగినప్పుడు, దానిచేత ఎవరికి లాభమో వారిని గాక, దాని భారము ఎవరిపై పడుచున్నదో వారిని ఎదుట నిలుపుకొని, వారికి చెప్పదగిన కారణమున్నదేమో వెదకవలెను. ఉన్నచో చెప్పవచ్చును. లేనిచో, ఎంతమంది సంతకము చేసినను అది ఆచారమే గాని ధర్మము కాదు.

ఈ పరీక్షకు మన యిండ్లలోనే అవకాశము లున్నవి. కుమార్తెకు పిత్రార్జితములో సమానమైన వాటాను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986 నాటి చట్టముతో కల్పించినది; 2005లో కేంద్రచట్టము దేశమంతటికిని ఆ హక్కును విస్తరించినది. ఐనను హక్కు వదలుకొంటినను కాగితముపై ఆడపడుచుచేత సంతకము చేయించుకొను కుటుంబములు నేటికిని కలవు. కాగితమును ముందుంచి, ఇది మన వాడుక అందురు. చాలమంది అట్లే చేయుచున్నారందురు. రెండును నిజమే కావచ్చును. రెండును కారణములు కావు. అన్నగారు ఆ కాగితమును అందించుటకు ముందు చెల్లెలి కన్నులలోనికి చూచి, అమ్మా, నీకు రావలసినది నాకెందుకు రావలెనో ఇదిగో కారణమని చెప్పగలరా? చెప్పగలిగినచో చెప్పవలెను, ఆమె బదులును వినవలెను. చెప్పలేక మాట తడబడినచో, ఆ తడబాటు రుచిభేదము కాదు. సత్యమొకటి అక్కడ నిలిచియున్నది. దానిని ఆయన గుర్తించినారు.